వెనకాలే వచ్చే వంటిల్లు

ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించి, అందులో వరిగడ్డి పరిచి, మీద జంపఖానా వేసుకుని పెళ్ళికి తరలివెళ్ళడం మనలో చాలామందికి తెలుసు. అమెరికాలో కారు వెనక ఏకంగా ఇల్లే తగిలించుకుని ఆలుమగలు నెలల తరబడి దేశం తిరుగుతారు. అక్కడ దాన్ని ట్రావెల్ ట్రైలర్ అంటారు, ఇంగ్లండులో కారవాన్ అంటారు. పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన మన పెద్దవాళ్ళు హైవేల మీద వీటిని చూసే ఉంటారు. మామూలుగా ఇరవై అడుగుల పొడుగు, ఎనిమిది అడుగుల వెడల్పు. ఆ కాస్త చోటులోనే మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, సింకు, స్నానాలగది అన్నీ ఇమిడిపోతాయి. పగలు భోజనాల బల్లగా ఉన్నదే రాత్రి పరుపు అవుతుంది.

చూసినవాళ్ళు "ఎంత హాయి! ఎక్కడ ఆగితే అక్కడే ఇల్లు" అంటారు. నిజమే. కానీ ఎక్కడ ఆగితే అక్కడ వంట కూడా కదా! ఆ పొయ్యి దగ్గర ఎవరు నిలబడ్డారు, స్టీరింగు ఎవరి చేతిలో ఉంది అని చూసుకుంటూ ఈ బండి చరిత్ర చదివితే, అది కార్ల చరిత్ర కంటే ఎక్కువగా కాపురాల చరిత్రలా కనిపిస్తుంది. నన్ను ఆకట్టుకున్నది అదే. అందుకే మీతో పంచుకుంటున్నాను.

ఇల్లు వెంట పెట్టుకుని వెళ్ళడం కొత్త సంగతేమీ కాదు. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు డేరాలూ, వంట సామానూ, పరివారమూ వెంట వెళ్ళాయి. 1885లో ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు ఇంకో అడుగు ముందుకేశాడు. బ్రిస్టల్ లో గుర్రపు బండి మీద ఒక చక్కని ఇల్లు కట్టించుకుని, దానికి 'వాండరర్' అని పేరు పెట్టి, స్కాట్లండు దాకా తిరిగొచ్చాడు. సరదా కోసం కట్టిన మొదటి కారవాన్ అదేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అయితే ఆయన వెంట బండి తోలడానికి ఒక మనిషి, పనులు చూడటానికి ఇంకో మనిషి ఉన్నారు. ఆ పనిమనిషి మూడు చక్రాల సైకిలు మీద ముందు వెళ్తూ ఎదురొచ్చే బళ్ళవాళ్ళకి పెద్ద బండి వస్తోందని చెప్పేవాడు. అంటే ఆ కాలంలో ఇల్లు కదిలితే పనివాళ్ళు కూడా కదిలేవారు. అయ్యగారు కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చోవచ్చు.

కారు వచ్చాక ఈ లెక్క మారింది. ఫోర్డు కంపెనీ మోడల్ టీ కారు 1908లో వచ్చింది. 1927 దాకా కోటిన్నర పైగా కార్లు తయారయ్యాయి. రైతులు, చిన్న ఉద్యోగులు కూడా కారు కొనుక్కోగలిగారు. సెలవులకి డేరా గుడ్డ, దుప్పట్లు, రేకు డబ్బాల్లో నిలవ ఆహారం కారులో పడేసుకుని బయల్దేరేవారు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో అలాంటివాళ్ళంతా కలిసి 'టిన్ కాన్ టూరిస్ట్స్' అని ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘం గుర్తుగా కారు ముందు రేడియేటరు మూత మీద ఒక రేకు డబ్బా అతికించుకునేవారు. ఇప్పుడు బండిలో ఉన్నది భార్యాభర్తలూ పిల్లలూ మాత్రమే. తోలడానికి ఆయన ఉన్నాడు. మిగిలిన పనులకి ఎవరున్నారో వేరే చెప్పక్కర్లేదు. కట్టెలు రాజేసి, నేల మీద గొంతుకూర్చుని, వానలో, దోమల్లో వంట. ఇంట్లో ఉన్న పొయ్యి కూడా లేదు.

ఇక్కడే మన కథలోకి మేరియన్ అనే ఇల్లాలు వస్తుంది. ఆమె భర్త వాలీ బయామ్ లాస్ ఏంజెలెస్ లో పత్రికలు నడిపేవాడు. కుర్రతనంలో గొర్రెలు కాసిన రోజుల్లో గాడిద లాగే చిన్న బండిలో, కిరసనాయిలు పొయ్యి పెట్టుకుని బతికినవాడు. అతనికి ఆరుబయట నిద్ర అంటే ఇష్టం. మేరియన్ కి ఇష్టం లేదు. వంటిల్లు లేకుండా తను రానని తేల్చి చెప్పిందట. ఆయన మోడల్ టీ కారు చట్రం మీద ఒక గది కట్టాడు. అందులో పొయ్యి, ఐసు పెట్టె పెట్టాడు. దారిలో చూసినవాళ్ళందరూ ఆగి అడిగేవారు. ఎలా కట్టాలో పత్రికలో రాశాడు, తరవాత నమూనా కాగితాలు అమ్మాడు, ఆ తరవాత బళ్ళే తయారుచేశాడు. 1930ల మొదట్లో మొదలైన ఆ కంపెనీయే ఎయిర్ స్ట్రీమ్. 1936లో వాళ్ళు తెచ్చిన 'క్లిప్పర్' బండి విమానంలాగా అల్యూమినియం రేకులతో, వెండిలా మెరుస్తూ ఉండేది. వెల 1,200 డాలర్లు. ఇప్పటికీ ఎయిర్ స్ట్రీమ్ బండి అంటే ఆ వెండి రంగు గుడ్డు ఆకారమే గుర్తొస్తుంది. మేరియన్ పేరు గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ.

అదే రోజుల్లో డెట్రాయిట్ దగ్గర ఆర్థర్ షెర్మన్ అనే ఆయనకి కూడా ఇలాంటి అవసరమే వచ్చింది. ఆయన సూక్ష్మజీవుల శాస్త్రవేత్త, మందుల కంపెనీ నడిపేవాడు. నిమిషాల్లో విప్పుకుని గది చేసుకోవచ్చన్న ప్రకటన చూసి ఒక డేరా ట్రైలరు కొని కుటుంబంతో సెలవులకి వెళ్ళాడు. అది నిమిషాల్లో విచ్చుకోలేదు. ఈలోగా గాలివాన వచ్చి అందరూ తడిసి ముద్దయ్యారు. ఇంటికొచ్చి, ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడుగు ఉన్న గట్టి పెట్టెలాంటి బండి చేయించాడు. అలమరలు, పొయ్యి, ఐసు పెట్టె లోపలే అమర్చాడు. 1930లో డెట్రాయిట్ కార్ల ప్రదర్శనలో పెట్టాడు. ఆరేళ్ళు తిరిగేసరికి ఆయన కంపెనీ 'కవర్డ్ వాగన్' ఆ దేశంలోనే అతి పెద్ద ట్రైలర్ల కంపెనీ అయింది. ఇంకొన్నేళ్ళలో దేశంలో సగం మంది ట్రైలర్లలోనే కాపురం ఉంటారని రోజర్ బాబ్సన్ అనే ఆర్థిక జోస్యుడు చెప్పేశాడు కూడా! అలా జరగలేదనుకోండి.

ఈ వెండి బళ్ళ సంబరం అందరిదీ కాదని కూడా చెప్పుకోవాలి. అదే 1936లో న్యూయార్కు హార్లెంలో విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 'గ్రీన్ బుక్' అని ఒక చిన్న పుస్తకం వేయడం మొదలుపెట్టాడు. నల్లజాతి వాళ్ళకి ఏ ఊళ్ళో బస ఇస్తారు, ఎక్కడ అన్నం పెడతారు అన్న వివరాలు అందులో ఉండేవి. చాలా హోటళ్ళు వాళ్ళని గడప తొక్కనిచ్చేవి కావు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా అదే తంతు. ఆ ఇళ్ళల్లో ప్రయాణం అంటే ఆడవాళ్ళు ముందు రోజు రాత్రే అన్నీ వండి డబ్బాల్లో సర్దేవారు. కారులో దుప్పట్లు, నీళ్ళు పెట్టేవారు. తెల్లవాళ్ళకి వంట వెంట తీసుకెళ్ళడం సరదా అయితే, వాళ్ళకి దారిలో అవమానపడకుండా ఉండటానికి ఒక ఉపాయం. పనిగా చూస్తే రెండూ ఒకటే. వెనక ఉన్న కారణాలు వేరు.

సరే, ఈ ట్రైలరులో కాపురం ఎలా నడుస్తుందో కొంచెం చూద్దాం. కారు వెనక ఇనప గుండు ఒకటి ఉంటుంది. ట్రైలరు ముందు భాగం దాని మీద కూర్చుని బిగుసుకుంటుంది. బండి బరువులో సుమారు పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ఆ గుండు మీద పడాలి. బరువు వెనక్కి ఎక్కువైతే దారిలో ట్రైలరు తోక ఊపినట్టు ఊగుతుంది, కారునే పక్కకి లాగేస్తుంది. అంటే బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలి, నీళ్ళ కాన్లు ఎక్కడ పెట్టాలి అన్నది వంటింటి సర్దుడు మాత్రమే కాదు, ప్రాణాల సంగతి. ఇక ఆగిన చోట బండి మట్టంగా నిలబెట్టాలి. గ్యాసుతో నడిచే ఫ్రిజ్జు ఒరిగిన నేల మీద సరిగ్గా చల్లబడదు, పాడైపోతుంది కూడా. వాడిన నీళ్ళు ఒక తొట్టిలోకి, మరుగుదొడ్డి నీళ్ళు ఇంకో తొట్టిలోకి పోతాయి. నిండాక వాటికని కట్టిన చోటికి తీసుకెళ్ళి గొట్టం పెట్టి ఖాళీ చెయ్యాలి. ఆ గొట్టం పని మాత్రం చాలా జంటల్లో మగవాళ్ళదే. ఆ వాసన సంగతి తెలిశాక, అంత్యాకులు ఎత్తడమే సుఖమని మనకీ అనిపిస్తుంది.

వెనక్కి నడపడం ఇంకో పరీక్ష. ట్రైలరు కుడికి తిరగాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. ఆయన అద్దంలో చూస్తూ ఉంటాడు, ఆమె వెనక నిలబడి "రండి రండి, ఆగండి!" అని చేతులూపుతూ ఉంటుంది. ఆయనకి ఆమె కనపడదు, ఆమె మాట వినపడదు. చెట్టుకి తగిలితే తప్పు ఎవరిది? ట్రైలర్లవాళ్ళ హాస్యంలో సగం ఈ సంగతి మీదే ఉంటుంది.

హాస్యం అన్నాను కాబట్టి, 1954లో ఎం.జి.ఎం. వాళ్ళు తీసిన 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్' సినిమా గుర్తొస్తోంది. క్లింటన్ ట్విస్ అనే ఆయన 1951లో రాసిన నవలే దానికి ఆధారం. నిజజీవితంలో కూడా భార్యాభర్తలైన లూసిల్ బాల్, దేశి ఆర్నాజ్ కొత్త దంపతులుగా వేశారు. అతను సివిల్ ఇంజనీరు, ఉద్యోగం ఊరూరా తిరిగేది. ఊరు మారినప్పుడల్లా ఇల్లు వెతుక్కునే బదులు ట్రైలరు కొందామని ఆమే పట్టుబడుతుంది. ఒక చోట అతను బండి నడుపుతూ ఉంటే, గమ్యం చేరేసరికి వేడివేడిగా భోజనం సిద్ధం చేద్దామని ఆమె వెనక ట్రైలరులో వంట మొదలుపెడుతుంది. కుదుపులకి పిండి, గిన్నెలు, కూరలు, ఆమె, అన్నీ కలగాపులగం. హాలంతా నవ్వుతారు. నడుస్తున్న ట్రైలరులో మనిషి ఉండటం నిజానికి చాలా ప్రమాదం. కానీ ఆ నవ్వు వెనక ఉన్న సంగతి మనకి తెలియనిది కాదు. మంచి భార్య అనిపించుకోవాలంటే నేల కదులుతున్నా సరే, అన్నం టైముకి ఉండాలి!

ఆ సినిమాలోనే ఇంకో సంగతి ఉంది. ఆమె ఆగిన ప్రతిచోటా గుర్తుగా ఒక రాయి ఏరి తెచ్చుకుంటుంది. పళ్ళు నిలవ చేసిన సీసాలు కూడా దాచుకుంటుంది. పెద్ద కొండ ఎక్కే ముందు బరువు తగ్గించమని, అవన్నీ పారేయమని అతను అంటాడు. ఆమె పారేసినట్టే చెప్పి బండిలోనే దాచేస్తుంది. ఘాట్ రోడ్డు మీద ఆ రాళ్ళు దొర్లి ప్రాణాల మీదికి వస్తుంది. ఇద్దరికీ పెద్ద గొడవై విడిపోయేదాకా వెళ్ళి, చివరికి కలుసుకుంటారు. ఇందాకటి బరువు లెక్క ప్రకారం అతను చెప్పిందే నిజం. కానీ బండి కొనడం దగ్గర్నుంచి తన చేతులతో సర్దుకున్న ఆ ఇంట్లో ఏది ఉండాలో, ఏది పోవాలో కొండ దగ్గరికి వచ్చాక ఒక్కడే తేల్చడం ఆమెకి ఎలా ఉంటుంది? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత ట్రంకు పెట్టె దగ్గర కూర్చుని వాదించిన ఆడవాళ్ళకి ఈ దృశ్యం బాగా తెలుస్తుంది.

సినిమా సంగతి అలా ఉంచితే, నిజంగా సాహసాలు చేసిన జంటలూ ఉన్నాయి. వాలీ బయామ్ 1951 నుంచి ట్రైలర్ల బిడారులు నడిపాడు. ఎయిర్ స్ట్రీమ్ బళ్ళు ఉన్నవాళ్ళంతా వరసకట్టి పరాయి దేశాలు తిరిగేవారు. అన్నిటికంటే పెద్ద పేరు వచ్చింది 1959లో దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నుంచి ఈజిప్టులోని కైరోకి వెళ్ళిన బిడారుకి. 41 ట్రైలర్లు, 106 మంది మనుషులు, 221 రోజులు, 14,307 మైళ్ళు. మన లెక్కలో సుమారు 23,000 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఏడుసార్లు వెళ్ళి వచ్చినంత దూరం. అందులో ఎక్కువమంది ఉద్యోగాలు విరమించిన దంపతులే. చాలాచోట్ల రోడ్డు అన్నదే లేదు. బురదలో దిగబడిన బండిని మిగతావాళ్ళంతా కలిసి తాళ్ళతో లాగేవారు. ఇథియోపియాలో చక్రవర్తి హైలె సెలాసీ స్వయంగా వాళ్ళని పలకరించాడు. పిరమిడ్ల ముందు వెండి బళ్ళు నిలబెట్టిన ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి.

ఆ ఫోటోలు చూస్తున్నప్పుడు నాకు తట్టే ప్రశ్న ఒకటే. 221 రోజులంటే పూటకొకటి చొప్పున రెండు పూటలే లెక్కేసుకున్నా 442 వంటలు. ఊరు తెలియదు, సంత తెలియదు, అక్కడి కూరగాయల పేర్లు తెలియవు. మంచి నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో రోజూ వెతుక్కోవాలి. చరిత్ర పుస్తకాల్లో మైళ్ళు రాస్తారు, టైర్లు ఎన్ని పగిలాయో రాస్తారు. వంటల లెక్క రాయరు. మా అమ్మమ్మ తిరుపతి ప్రయాణం గురించి చెబితే కొండ కంటే ముందు పులిహోర వచ్చేది. ఎన్ని సోలల బియ్యం వార్చింది, ఎన్ని విస్తళ్ళు కట్టింది అన్నీ గుర్తు. ఆవిడ దృష్టిలో యాత్ర అంటే అదే. ఆ ఆఫ్రికా బిడారులోని ఆడవాళ్ళు కూడా మనవలకి అలాగే చెప్పి ఉంటారని నా నమ్మకం.

తరవాతి రోజుల్లో ఈ కథ మలుపు తిరిగింది. 1970ల్లో జో, కే పీటర్సన్ అనే దంపతులు ఇల్లు వదిలి రోడ్డునే ఇల్లుగా చేసుకున్నారు. ఆయన ఎలక్ట్రీషియను, ఆమె నర్సు. వెళ్ళిన ఊళ్ళోనే పని చూసుకుంటూ తిరిగారు. అంటే ఇక్కడ ఆమె ఆయన వెనక వచ్చిన మనిషి కాదు, ఆమె సంపాదన మీద కూడా బండి నడిచింది. ఎక్కడ ఆపితే అదే ఇల్లు అన్న అర్థం వచ్చే పేరుతో కే ఒక పుస్తకం రాశారు. 1978లో ఇద్దరూ కలిసి ఇలా తిరిగేవాళ్ళ కోసం 'ఎస్కేపీస్' అనే సంఘం పెట్టారు. కొన్నేళ్ళకి సంఘంలో వాళ్ళు ముసలివాళ్ళయ్యారు. ఇల్లు అమ్మేసి రోడ్డెక్కినవాళ్ళకి మంచాన పడితే దిక్కెవరు? అందుకని టెక్సాస్ లోని లివింగ్ స్టన్ లో 'కేర్' అని ఒక ఏర్పాటు చేశారు. ఎవరి ట్రైలరులో వాళ్ళు ఉంటూనే మూడు పూటలా భోజనం, బట్టలు ఉతికించడం, బండి శుభ్రం చేయించడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం అక్కడ దొరుకుతాయి. ఒక నర్సు ఆలోచన అందులో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఎంత దూరం వెళ్ళాలి అన్నదానితో పాటు, వెళ్ళలేని రోజు వస్తే ఎలా అన్నది కూడా ఆలోచించిన జంట అది.

ఆ వెళ్ళలేని రోజు ఆడవాళ్ళకి ఇంకో రకంగా కూడా వస్తుంది. జీవితమంతా ఆయనే బండి తోలి ఉంటే, ఊరుకాని ఊళ్ళో ఆయనకి గుండెనొప్పి వస్తే ఆమె ఏం చెయ్యాలి? కారూ ట్రైలరూ అక్కడే ఉంటాయి, కదిపే చెయ్యి ఉండదు. అందుకే ట్రైలరు లాగడం, తగిలించడం, విప్పడం ఆడవాళ్ళు కూడా నేర్చుకోవాలని అక్కడ గట్టిగా చెబుతున్నారు. 1999లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు మొదలుపెట్టిన 'సిస్టర్స్ ఆన్ ది ఫ్లై' అనే బృందం అయితే పూర్తిగా ఆడవాళ్ళదే. పాత చిన్న ట్రైలర్లు కొని, ఇష్టమైన రంగులు వేసుకుని, తామే కారుకి తగిలించుకుని, తామే నడుపుకుంటూ వెళ్తారు. మగవాళ్ళు, పిల్లలు వద్దన్నది వాళ్ళ నియమం. వంట వాళ్ళూ చేసుకుంటారు. కానీ ఎవరికి బుద్ధి పుట్టినప్పుడు వాళ్ళు, నలుగురూ కలిసి. ఆ వంటని మేరియన్ కూడా కాదనేది కాదు.

ఇప్పుడు మన ఇళ్ళల్లోనూ రిటైరైన భర్తలు "ఇద్దరం అలా తిరిగొద్దాం" అంటున్నారు. అమెరికాలో ఉన్న పిల్లలు "వచ్చే వేసవికి ట్రైలరు అద్దెకి తీసుకుందాం, అమ్మ చేతి వంట తింటూ పార్కులన్నీ చూద్దాం" అంటున్నారు. వెళ్ళండి. పిల్లల ప్రేమని తప్పు పట్టడం లేదు. వయసు ఉండగానే, మోకాళ్ళు మాట వింటుండగానే వెళ్ళాలి. బయల్దేరే ముందు మ్యాపు పరిచినప్పుడే రెండు మాటలు తేల్చుకోండి. రోజుకి ఎన్ని పూటలు వండాలి, ఎన్ని పూటలు బయట తినాలి, గిన్నెలు ఎవరు తోమాలి అన్నది ఒకటి. బండి తాళం రెండో చేతికి కూడా వచ్చేలా మీరు ఎంత నేర్చుకుంటారన్నది రెండోది. వందేళ్ళ కిందట ఒక ఇల్లాలు వంటిల్లు లేకపోతే రానంటే, ఆ మాట పట్టుకుని ఒక పరిశ్రమే పుట్టుకొచ్చింది. మీరు కూడా మీకు కావలసింది అడగండి. ఊళ్ళన్నీ తిరిగాక, అక్కడి కొండలూ సరస్సులూ మీకూ కళ్ళ ముందు కదలాలి. పొయ్యి మీద పాలు పొంగిన సంగతి ఒక్కటే గుర్తుంటే, ఆ ఊరు మీరు చూడనట్టే.